గోడౌన్ తరఫున ఒకరు

హెడ్డాఫీసు శిక్షణ గదిలో అన్నీ చక్రాల కుర్చీలు. తాళాలాయన కూర్చోగానే కుర్చీ వెనక్కి జారింది. బల్ల అంచు పట్టుకుని ముందుకి లాక్కుంటే ఈసారి పక్కకి జారింది. నడుముకి వేలాడే తాళాల గుత్తి ఘల్లుమంది. గదిలో ఉన్న పడుచువాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆయన గుత్తిని అరచేత్తో అదిమిపట్టి, ఆ చప్పుడుకీ తనకీ ఏ సంబంధమూ లేనట్టు గోడకేసి చూశాడు.

పంపు సామాన్ల గోడౌన్‌కి ఆయన సూపర్‌వైజరు. బేరింగులు, వాల్వులు, రబ్బరు సీళ్ళు, వాటి అట్టపెట్టెలు, వాటి మీద పేరుకునే దుమ్ము, ఇదీ ఆయన ప్రపంచం. ఎప్పుడూ నడుముకి గుత్తి ఉంటుంది గనక తాళాలాయన అయిపోయాడు. అసలు పేరు జీతం చీటీ మీద ఉంటుంది గాని దాంతో పిలిచే దిక్కు లేదు.

పరిచయాలు మొదలయ్యాయి. ట్రైనరుకి ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. వారానికొక కంపెనీలో అదే పాఠం చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. బుగ్గలో బిళ్ళ ఒకటి అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు. అకౌంట్సు వాళ్ళు, సేల్సు వాళ్ళు లేచి పేరూ విభాగమూ చెప్పి కూర్చున్నారు. ఆయన వంతు వచ్చింది.

"వేర్‌హౌస్ సూపర్‌వైజర్నండీ."

ట్రైనరు మొహం వెలిగిపోయింది. "ఓ, మీకు అనుభవం ఉందన్నమాట! ఏ ప్లాట్‌ఫాం మీద చేస్తున్నారండీ?"

ప్లాట్‌ఫాం అంటే లారీలు ఆగే అరుగు గురించి అడుగుతున్నాడనుకున్నాడు తాళాలాయన. "రెండున్నాయండీ. ఎడమవైపుది పెచ్చులూడిపోయింది. కుడివైపు దాని మీదే లాక్కొస్తున్నాం," అన్నాడు.

గది గొల్లుమంది. పక్క కుర్చీలో సెంటు వాసన గుప్పుమంటున్న అబ్బాయి ఫోన్లోంచి తలెత్తి మరీ నవ్వాడు. ట్రైనరు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, "ఇది డేటా వేర్‌హౌస్ అండీ. సరుకు దాచే చోటు కాదు, కంపెనీలో పుట్టే లెక్కలన్నీ ఒకచోట చేర్చి దాచే చోటు. దాంట్లోంచి రిపోర్టులు తియ్యడం నేర్పుతాను," అని మెల్లిగా చెప్పాడు. తర్వాత ఇంకా మెల్లిగా, "మీరు రావాల్సింది ఇక్కడికేనా?" అని అడిగాడు.

తాళాలాయనకి సంగతి అప్పుడు తెలిసింది. ఎవరో పుణ్యాత్ములు శిక్షణ పేరులో 'వేర్‌హౌస్' అన్న మాట చూసి, ఈయన హోదాలోనూ అదే మాట చూసి, రెంటికీ ముడి వేసేశారు. లేచి వెళ్ళిపోతే మర్యాద దక్కేది. కానీ వెళ్ళిపోతే దక్కేది మర్యాద ఒక్కటే. నెలాఖరుకి గోడౌన్ మూసేస్తున్నారు. సరుకంతా కాంట్రాక్టువాళ్ళ చేతికి పోతుంది. నోటీసు బోర్డు మీద కంపెనీ పెద్దాయన సంతకంతో సర్క్యులర్ వేలాడుతోంది. గోడౌన్ తరఫున ఒకరు శిక్షణకి రావచ్చు, పరీక్ష పాసైతే వారికి హెడ్డాఫీసు రిపోర్టుల విభాగంలో కుర్చీ ఇస్తారు, మిగతావాళ్ళకి కృతజ్ఞతలు. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, కొత్తగా ఉద్యోగం ఇచ్చే తలమాసినవాడు ఎక్కడున్నాడు?

"లిస్టులో నా పేరే ఉందండీ," అన్నాడు తాళాలాయన, బల్లని గట్టిగా పట్టుకుని.

పొరపాటైతే అది వాళ్ళ పొరపాటు. తనదేం పోయింది?

*

పొద్దున శిక్షణ, మధ్యాహ్నం నుంచి గోడౌన్ పని. రెంటికీ మధ్య బస్సు. బస్సులో నిలబడి రావడంతో కాళ్ళు పీకుతుంటే, తాళాలాయన గోడౌన్ చేరి నేరుగా ప్యాకింగ్ బల్ల దగ్గర స్టూలు మీద కూలబడ్డాడు.

బిల్లులమ్మాయి అట్టపెట్టెకి టేపు వేస్తోంది. నిజానికి ఆమె పని బిల్లులు కొట్టడమే. ఉన్న కూలీలు ఒక్కొక్కరే వేరే చోట పని చూసుకుని పోతుంటే, టేపు వెయ్యడం కూడా ఆమె నెత్తిన పడింది. టేపుని చర్రున లాగి, అంచులు చేత్తో ఒత్తి, కొసని పళ్ళతో పుటుక్కున తెంపుతుంది. కత్తెర వెతుక్కునే తీరిక ఆమెకి ఎప్పుడూ లేదు.

"ఏం చెప్పారు బాబాయ్ ఇవాళ?" అంది, చేతిలో పని ఆపకుండానే.

"ఏం చెప్పారో తెలిస్తే చెప్పనూ! గుడ్లప్పగించి చూడ్డమే సరిపోయింది. నక్షత్రంట, దాని చుట్టూ టేబుళ్ళంట. నాకు కనిపించాయిలే నక్షత్రాలు," అంటూ జేబులోంచి మడతపెట్టిన ప్రింటు కాగితాలు తీసి బల్ల మీద పడేశాడు.

ఆమె చేతులు తుడుచుకుని కాగితాలు అందుకుంది. చదువుతుంటే పెదాలు కదులుతున్నాయి. "ఇది తేలికే బాబాయ్. మధ్యలో అమ్మకాలు. చుట్టూ ఎవరికి అమ్మాం, ఏం అమ్మాం, ఎప్పుడు అమ్మాం. మన బిల్లులో ఉన్నవే. బిల్లుని ముక్కలు చేసి ఎక్కడి ముక్క అక్కడ పెట్టారు, అంతే."

"నీకెలా తెలుసు?"

"బస్సులో ఫోన్లో పాఠాలు వింటుంటాను. ఈ శిక్షణకి నేనూ అర్జీ పెట్టాను తెలుసా? ఒకసారి పెడితే మేనేజరు గారు చూడలేదన్నారు. మళ్ళీ పెట్టాను. సీటు ఒక్కటే, నిండిపోయింది అన్నారు."

"ఎవరితో నిండిపోయిందట?" అని అడిగేసి నాలిక కరుచుకున్నాడు.

"మీతోనే," అని నవ్వింది. నవ్వులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆయనకి మరీ ఇబ్బందిగా ఉంది. "మీకు వచ్చిందంటే నాకు వచ్చినట్టే అనుకున్నాలెండి. కాకపోతే మా ఆయన కొట్టు మూతపడ్డాక ఇంట్లో జీతమన్నది నాదొక్కటేగా. అందుకని ఆశపడ్డాను."

మళ్ళీ టేపు అందుకుంది. చర్రుమని లాగింది గాని, తెంపడం మర్చిపోయి ఒక్క క్షణం అలాగే పట్టుకుని నిలబడింది. తాళాలాయన చూశాడు. చూసి, ర్యాకుల వైపు ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయాడు.

*

మర్నాటి పాఠం ఆయనకి కొంచెం కలిసొచ్చింది. నానా చోట్ల నుంచి వచ్చిన లెక్కల్ని తిన్నగా వేర్‌హౌస్‌లో వెయ్యరు, ముందు ఒక పక్కన దింపి, శుభ్రం చేసి, తప్పులు ఏరి అప్పుడు లోపలికి పంపుతారు అన్నాడు ట్రైనరు. లారీ దిగిన సరుకుని ముందు అరుగు మీద పెట్టి, విరిగినవి ఏరి, అప్పుడు గదా ర్యాకుల్లోకి ఎక్కించేది! తాళాలాయన తల దానంతటదే ఊగింది. ట్రైనరు చూసి, "అర్థమైందా మేష్టారూ?" అన్నాడు. మేష్టారూ అని ఈయన ఆయన్ని అనాలిగాని, ఆయన ఈయన్ని అన్నాడు. మనసుకి హాయిగా అనిపించింది.

చేతికి మాత్రం ఏదీ లొంగలేదు. మౌసు పట్టుకుంటే పిట్టని పట్టుకున్నట్టే ఉంది, గట్టిగా పడితే ఒక బాధ, వదిలితే ఒక బాధ. రెండుసార్లు నొక్కమన్నచోట మూడుసార్లు నొక్కితే తెర మీది రంగుల గీతలన్నీ మాయమయ్యేవి. పక్కనున్న సెంటబ్బాయికి ఈ బాధలేం లేవు. అతను ఫైలు తెరిస్తే కదా. పాఠం నడిచినంతసేపూ బల్ల కింద ఫోన్లో ఏదో ఆట ఆడుకుంటున్నాడు.

"బాబూ, పరీక్ష ఉందిట కదా," అన్నాడు తాళాలాయన ఉండబట్టలేక.

"మీరు రాయండి అంకుల్," అన్నాడా అబ్బాయి, ఎంతో ఉదారంగా.

ఆ మధ్యాహ్నం కూడా బిల్లులమ్మాయి ఆయన చేత మళ్ళీ మళ్ళీ చేయించింది. గోడౌన్‌లో ఉన్న ఒకే ఒక పాత కంప్యూటరు మీద, రెండు బిల్లులకి మధ్య దొరికిన సందులో. తప్పు చేస్తే విసుక్కోదు. "మళ్ళీ చెయ్యండి బాబాయ్," అంటుంది, అంతే. ఈ అమ్మాయి కూడా నేర్చుకుంటోందిగా, ఇక అన్యాయం ఏముంది అని తాళాలాయన తనకి తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్న మాట లోపల ఎక్కడా నిలవలేదు.

*

అసలు దెబ్బ ఆ తర్వాతి రోజు తగిలింది.

ట్రైనరు ఒక అభ్యాసం ఇచ్చాడు. పంపులు కొనే కొట్టు ఒకటి పాత పేటలోంచి కొత్త పేటకి మారింది. ఆ మార్పు వేర్‌హౌస్‌లో ఎక్కించాలి. ఇదెంత పని అనుకున్నాడు తాళాలాయన. కొట్టు వరస తెరిచాడు, పాత పేట పేరు తుడిచేశాడు, కొత్త పేట పేరు కొట్టాడు. ఎప్పుడూ లేనిది అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

ట్రైనరు వచ్చి రిపోర్టు తీశాడు. పాత పేటలో ఏళ్ళ తరబడి జరిగిన అమ్మకాలన్నీ సున్నా అయ్యాయి. కొట్టే లేని రోజుల్లో కొత్త పేటలో అమ్మకాలు కుప్పలు తెప్పలుగా కనిపిస్తున్నాయి.

"చూశారా, జరిగింది జరగనట్టయిపోయింది," అన్నాడు ట్రైనరు. "పాతది తుడవకూడదండీ. దాన్ని అలాగే ఉంచి, 'ఎప్పటి వరకు' అన్న గడిలో తేదీ వెయ్యాలి. దాని కింద కొత్త వరస తెరిచి, కొత్త పేట పేరు వేసి, 'ఎప్పటి నుంచి' అన్నచోట తేదీ వెయ్యాలి. కొత్తదానికి 'ఎప్పటి వరకు' ఖాళీగా వదలాలి. ఖాళీగా ఉంటే ఇప్పుడు నడుస్తున్నది అదే అని అర్థం."

"సరుకు బయటికి పోయాక ర్యాకు ఖాళీ చేస్తాం కదండీ? లేకపోతే కొత్తది ఎక్కడ పెట్టేది?" అన్నాడు తాళాలాయన. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఇన్నేళ్ళూ చేసిన పని అదే. పోయినదాన్ని కొట్టెయ్యడం, ఖాళీ అయిన చోటు తుడవడం.

"అదే తేడా మేష్టారూ. మీ గోడౌన్‌లోంచి సరుకు పోతుంది. దీంట్లోంచి ఏదీ పోదు."

బస్సులో అదే ఆలోచన. తలకెక్కలేదు. గోడౌన్‌కి వచ్చి బిల్లులమ్మాయికి చెబితే, ఆమె బిల్లు కాగితం చింపుతూ చింపుతూనే తేల్చేసింది.

"నా పెళ్ళయ్యాక నా ఇంటిపేరు మారింది కదా బాబాయ్? ఇప్పుడు బ్యాంకులో కొత్త ఇంటిపేరు. మరి నా చదువు సర్టిఫికెట్ల మీద? పాతదే ఉండాలి. అక్కడ కూడా తుడిచి కొత్తది రాసేస్తే, ఆ చదువు చదివిన పిల్ల లోకంలో లేకుండా పోతుంది. ఆ పిల్లా నేనే, ఈ మనిషీ నేనే. కాకపోతే ఎప్పటి వరకు అది, ఎప్పటి నుంచి ఇది."

తాళాలాయనకి సగం పూట పట్టినా ఎక్కనిది ఆమెకి కాగితం చింపేంతలో ఎక్కింది. అసూయ కలగలేదు. సిగ్గేసింది. ఈమె కూర్చోవలసిన కుర్చీ మీద తను కూర్చుని జారిపోకుండా బల్ల పట్టుకు వేలాడుతున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మిషను ముందు కూర్చుని, ఎవరిదో ప్యాంటు అంచు కురచ చేస్తున్న ఇంటావిడ, "వచ్చారా కంప్యూటరు గారూ?" అంది. ఆవిడకి ఈ వారమంతా పండగలాగే ఉంది. తను పనిచేసే దర్జీ కొట్లో అందరికీ చెప్పేసింది, మా ఆయనకి హెడ్డాఫీసుకి మార్పట, అక్కడ లిఫ్టు ఉందట, మెట్లెక్కే పని లేదట అని.

"ఆ సీటు నాది కాదే. మా బిల్లులమ్మాయిది," అన్నాడు చెప్పులు విప్పుతూ.

మిషను ఆగింది. "ఆ అమ్మాయి పేరు రాసుందా దాని మీద?"

"లిస్టులో నా పేరుంటే మాత్రం? వేర్‌హౌస్ అని ఉంటే పిలిచారు."

"మీరేం లాక్కోలేదుగా? వాళ్ళిచ్చారు, మీరు తీసుకున్నారు. మోకాళ్ళకి పట్టీ లేకుండా మంచం దిగలేని మనిషి ఊళ్ళోవాళ్ళ న్యాయాలు నెత్తినెత్తుకోకండి." దారం కొస పంటితో తెంపి, మళ్ళీ తలెత్తి, కాస్త మెత్తగా అంది, "అంతగా ఉంటే ఆ అమ్మాయికి ఇంకో సీటు ఇమ్మని అడగండి. అడిగితే పోయేదేముంది?"

ఆవిడ చెప్పింది నిజమే అనిపించింది. ఆ మాట పట్టుకునే ఆయన నిద్రపోగలిగాడు.

*

గురువారం నమూనా పరీక్ష పెట్టారు. తాళాలాయన చెమటలు కక్కుతూ చేశాడు. పాత వరస తుడవలేదు. తుడవబోయి, ఇంటిపేరు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ట్రైనరు మార్కులు చూసి, "గట్టెక్కారు మేష్టారూ! అంచు మీద ఉన్నారనుకోండి, అయినా పాసే. రేపు కూడా ఇలాగే చేస్తే చాలు," అని భుజం తట్టాడు. తాళాలాయనకి చిన్నప్పుడు బడిలో కూడా అంత సంతోషం కలిగిన గుర్తు లేదు.

ఆ సంతోషం తెచ్చిన ధైర్యంతోనే ఎచ్చార్ మేడమ్ గది తలుపు తట్టాడు. ఆవిడ నుదుటికి బామ్ రాసుకుని, రెండు చేతుల మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉంది. గది నిండా ఆ ఘాటే.

"అమ్మా, ఒక మాట. నన్ను పొరపాటున పిలిచినట్టున్నారు. వేర్‌హౌస్ అన్నది చూసి... నాది గోడౌన్ కదమ్మా. మా దగ్గర బిల్లులమ్మాయి ఉంది, ఆమెకి ఇవన్నీ వచ్చు. అర్జీ కూడా పెట్టుకుంది. ఇంకొక్క సీటు ఇప్పించారంటే..."

మేడమ్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"పొరపాటని ఎవరన్నారు?"

"అంటే..."

"గోడౌన్‌కీ దీనికీ తేడా నాకు తెలీదనుకున్నారా? మీ మేనేజరు గారికి తెలీదనుకున్నారా?" ఆవిడ గొంతులో కోపం లేదు, ఓపిక అయిపోయిన మనిషి గొంతు అది. "గోడౌన్‌వాళ్ళకి కూడా అవకాశం ఇచ్చామని పైకి చూపించాలి. ఇచ్చాం. ఆ అమ్మాయిని పంపితే పాసైపోతుంది. పాసైతే కుర్చీ ఇచ్చి తీరాలి, సర్క్యులర్ అలా ఉంది. ఆ కుర్చీ మేనేజరు గారి తోడల్లుడి కొడుక్కి అనుకున్నారు. మీ పక్కన కూర్చుంటాడే, అతనికి. గోడౌన్ మనిషి పరీక్ష తప్పితే అది ఖాళీగా మిగులుతుంది కదా."

తాళాలాయన గుత్తి మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాడు.

"మీరు మంచివారు కనక చెప్తున్నాను. నేను చెప్పానని బయట అనకండి," అంది మేడమ్, మళ్ళీ నుదురు రుద్దుకుంటూ. "ఊరికే హైరానా పడకండి. మోకాళ్ళ నొప్పులంటున్నారు. రేపు మీరు రాకపోయినా ఎవరూ అడగరు."

*

బస్సులో ఆయనకి సీటు దొరికింది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి, దుమ్ము పడినట్టు కళ్ళు నులుముకున్నాడు.

పొరపాటున పిలిచారనుకున్నప్పుడే నయం. పొరపాటులో అవమానం లేదు. ఇది పొరపాటు కాదు. గోడౌన్ మొత్తంలో ఎవడైతే ఖాయంగా ఓడిపోతాడో వాణ్ణి ఏరి మరీ పంపారు. ఇన్నేళ్ళ చాకిరీ చూసి, ఈయన ఇంతే, ఈయనకి రాదు అని లెక్క కట్టారు. ఆయన బల్ల పట్టుకుని వేలాడుతుంటే, మౌసుతో కుస్తీ పడుతుంటే, అంతా అనుకున్న ప్రకారమే జరుగుతోందని తృప్తి పడి ఉంటారు.

పాసై చూపించాలి అనుకున్నాడు మొదట. పళ్ళు కొరుక్కుంటూ రెండు స్టాపుల దాకా అదే అనుకున్నాడు. పాసవుతాడు కూడా, ట్రైనరే అన్నాడు. తర్వాత కోపం కొంచెం దిగింది, ఆలోచన మొదలైంది. అంచు మీద పాసైన ముసలివాణ్ణి తప్పించడం వాళ్ళకెంత పని? ఒక మార్కు తగ్గించి వేస్తే చాలు. చూపు ఆనడం లేదంటే చాలు. ఆ అమ్మాయి మార్కులని అలా గీకెయ్యడం ఎవరి తరమూ కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. అది పైకి చెప్పుకునేది కాదు. ఆయన అలిసిపోయాడు. ఆ చక్రాల కుర్చీలో రోజంతా జారకుండా కూర్చోవాలంటే తన వల్ల అవుతుందా అని ఆయనకే అనుమానం. కానీ ఇంటావిడ మొహం గుర్తొచ్చింది. లిఫ్టు ఉందట అని ఆవిడ ఎంత గొప్పగా చెప్పుకుందో గుర్తొచ్చింది. మనసు ఉసూరుమంది. తన మంచితనం మీద తనకే చిరాకేసింది.

గోడౌన్‌కి వచ్చి, ఆ పూటంతా బిల్లులమ్మాయితో పాఠం ఊసెత్తలేదు. వెళ్ళిపోయే ముందు మాత్రం షట్టరు దించుతూ అన్నాడు. "రేపు నువ్వు తిన్నగా హెడ్డాఫీసు స్టాపులో దిగు. ఇక్కడికి రాకు."

"ఎందుకు బాబాయ్?"

"పరీక్ష రాయడానికి."

ఆయన చెప్పాల్సిందంతా చెప్పాడు, మేడమ్ పేరు మాత్రం తేకుండా. ఆమె వింటూ వింటూ ఖాళీ పెట్టె మీద కూర్చుండిపోయింది. "మరి మీరు? వద్దు బాబాయ్. మీరు పాసవుతారుగా. మీరే రాయండి," అంది. ఆ చివరి మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో ఆమె మొహమే చెబుతోంది.

"గోడౌన్ తరఫున ఒకరు అని ఉంది సర్క్యులర్‌లో. ఫలానా ఒకరు అని లేదు. నేను సూపర్‌వైజర్ని. మూసేదాకా ఇక్కణ్ణుంచి ఎవరు ఏ పని మీద వెళ్ళాలో చెప్పేది నేనే," అన్నాడు తాళాలాయన. తాళం వేసి, అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి చూశాడు.

*

శుక్రవారం పొద్దున ట్రైనరు సామాను అప్పటికే సగం సర్దేసుకుని ఉన్నాడు. ఆ సాయంత్రమే ఇంకో ఊరు పోవాలిట. తాళాలాయన వెనక బిల్లులమ్మాయిని చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈ అమ్మాయి మా గోడౌన్‌లోనే చేస్తుందండీ. పరీక్ష ఈమె రాస్తుంది," అన్నాడు తాళాలాయన.

"లిస్టులో మీ పేరు ఉందే?"

"ఉండనివ్వండి. తుడవద్దు. నా పేరు ఎదురుగా ఎప్పటి వరకు అన్నచోట నిన్నటి తేదీ వెయ్యండి. కింద కొత్త వరస తెరిచి ఈ అమ్మాయి పేరు రాయండి, ఇవాళ్టి నుంచి అని. ఆమెకి ఎప్పటి వరకు అన్నది ఖాళీగా వదిలెయ్యండి. మీరు చెప్పిందేగా?"

ట్రైనరు బుగ్గలో బిళ్ళ కదలడం మానేసింది. ఆయన తాళాలాయనకేసి చూశాడు, బిల్లులమ్మాయికేసి చూశాడు, ఫోన్ ఆటలో మునిగిపోయిన సెంటబ్బాయి కేసి కూడా ఒకసారి చూశాడు. ఏం అర్థమైందో ఏమో, లిస్టు తీసి కింద ఒక వరస గీశాడు.

"వారం మొత్తం మీద ఈ పాఠం మీకొక్కరికే ఎక్కింది మేష్టారూ," అన్నాడు. "కూర్చోమ్మా. ఆ కుర్చీ జారుతుంది, చూసుకో."

తాళాలాయన అక్కడ నిలబడలేదు. బస్సెక్కి గోడౌన్‌కి వచ్చి తలుపులు తీశాడు. బిల్లులమ్మాయి లేదు గనక టేపు తనే అందుకున్నాడు. కొస దొరక్క గోటితో గీకి గీకి విసిగిపోయాడు. దొరికాక లాగితే ముడతలు పడి వేళ్ళకి చుట్టుకుంది. ఆమెలా పంటితో తెంపబోతే పన్ను కదిలినంత పనైంది. అలా ఒక్క పెట్టె మూసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. సగం ర్యాకులు అప్పటికే ఖాళీ. నెలాఖరుకి మిగతావీ ఖాళీ అయిపోతాయి, ఆ తర్వాత ఈ గుత్తి ఎవరికో అప్పగించాలి. ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. బిల్లులమ్మాయేమో అనుకుని ఆత్రంగా తీశాడు. ఎచ్చార్ మేడమ్.

"ఏంటండీ మీరు చేసింది?" ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వెనక ఎవరో కేకలేస్తున్నారు. మేనేజరు గారి గొంతులాగే ఉంది. "ఆ అమ్మాయికి గది మొత్తంలో ఎవరికీ రానన్ని వచ్చాయి. ఆ ట్రైనరు మార్కులు తిన్నగా పెద్దాయనకే పంపేసి బస్సెక్కేశాడు. ఆయన చూసి, గోడౌన్ అమ్మాయా, భేష్ అన్నారట. ఇంక మేం చెయ్యగలిగేది ఏం లేదు. అసలు పరీక్షకి మీరెందుకు రాలేదు?"

తాళాలాయన స్టూలు మీద కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత మోకాళ్ళు నొప్పి అనిపించలేదు. లేక నొప్పి ఉన్నా పట్టించుకోలేదో.

"నేను రాకపోయినా ఎవరూ అడగరన్నారు కదమ్మా," అన్నాడు. "మీరే అడుగుతున్నారు."

అవతల ఆవిడ నవ్విందో, నిట్టూర్చిందో తెలీలేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. తాళాలాయన వేళ్ళకి అతుక్కున్న టేపు ముక్క ఒలుచుకుని, ఇంకో పెట్టె ముందుకి లాక్కున్నాడు.